రాత్రివేళ గేదె ఈనలేకపోతే పిలిచేదెవరిని?

మెట్టలో కుటుంబ పశువైద్యశాలలే దిక్కు - వాటికే కరవైన ఆదరువు

వీరులపాడు: చూడి గేదెకు నొప్పులు మొదలై, ఉమ్మనీటి సంచి పగిలి గంటలు గడుస్తున్నా దూడ కాళ్లు కనిపించకపోతే పాడిరైతు ఇంట ఎవరికీ నిద్ర ఉండదు. అది పగటివేళ అయితే దారులు ఉన్నాయి. గ్రామంలోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పవచ్చు, ప్రభుత్వ పశువైద్యశాలకు కబురు పంపవచ్చు, 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. అర్ధరాత్రి దాటిన తర్వాత అదే కష్టం వస్తే మెట్ట ప్రాంత రైతు ఆశ చాలావరకు ఒకే చోట నిలుస్తుంది. సమీప పట్టణంలో సొంతంగా వైద్యం చేసుకునే పశువైద్యుని ఇల్లు అది. పట్టా ఉన్నది ఒకరికే అయినా, ఇంటిల్లిపాదీ కలిసి నడిపే ఆసుపత్రి. వేళగాని వేళ పిలిచినా పలికే ఇటువంటి ఇళ్లు ఇంకెంతకాలం ఉంటాయన్నది నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పాడిరైతులకు చిన్న ప్రశ్న కాదు.

కృష్ణా జిల్లా మెట్టలోని వీరులపాడు మండలం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా నేల తీరు మారలేదు. నల్లరేగడిలో పత్తి, మిరప ప్రధాన పంటలు. వాన సమయానికి రాకపోయినా కష్టమే, కోతవేళ వచ్చినా కష్టమే. ఏడాదికొకసారి చేతికందే పంట డబ్బు ఎరువుల దుకాణం అప్పుకు పోతే, పది పదిహేను రోజులకొకసారి వచ్చే పాల డబ్బే ఇల్లు నడుపుతుంది. గ్రేడెడ్ ముర్రా గేదె కొనాలంటే లక్ష రూపాయలకు అటూఇటూ పెట్టవలసిన రోజులివి. అటువంటి పశువు ఈత సమయంలో చనిపోతే పోయేది దాని ధర మాత్రమే కాదు. దూడ పోతుంది, ఆ ఈత పాలు మొత్తం పోతాయి, కొనడానికి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు సుమారు 62 లక్షలు, గొర్రెలు 176 లక్షలకు పైబడి ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మన రాష్ట్రానిదే. ఇంతటి పశుసంపదకు వైద్యం ఎలా అందుతున్నదన్న చర్చ వచ్చినప్పుడల్లా డాక్టర్ల సంఖ్య దగ్గరే మాట ఆగిపోతుంది. ప్రతి 5 వేల పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లో సూచించింది. నాటి నుంచి నేటి వరకు ఆ లెక్కనే అందరూ చెబుతున్నారు. ఎన్ని పశువులకు ఒక వైద్యుడన్నది ముఖ్యమే. ఏ వేళకు వస్తాడు, ఆయన వెంట ఎన్ని చేతులు వస్తాయి అన్న రెండు ప్రశ్నలూ అంతే ముఖ్యం. వాటిని అడిగేవారు తక్కువ.

ఇల్లే ఆసుపత్రి

కుటుంబ పశువైద్యశాల అనగానే పెద్ద భవనం ఊహించుకోనక్కర లేదు. సాధారణంగా రోడ్డు పక్క ఇంటి ముందుభాగంలో ఒక గది, మందుల బీరువా, టీకాలు చెడకుండా ఉంచే ఫ్రిజ్, బయట ఖాళీస్థలంలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల బోను, కుక్కపిల్లలను పరీక్షించడానికి ఒక బల్ల ఉంటాయి. తండ్రి ప్రభుత్వ సర్వీసులో పదవీ విరమణ చేసిన పశువైద్యుడై ఉంటాడు. లేదంటే కొడుకో, కూతురో, కోడలో పట్టా పుచ్చుకుని వచ్చి బోర్డు పెట్టి ఉంటారు. మందుల లెక్క, అప్పుల పద్దు, ఫోను ఇంట్లోవారి బాధ్యత. వీరు కాక ఒకరిద్దరు సహాయకులు ఉంటారు. ఊళ్లవారికి వారంతా 'కాంపౌండర్లే'. పశువును పట్టడం, కట్టడం, సెలైను సీసా ఎత్తి పట్టుకోవడం, గాయం కడగడం, రాత్రివేళ బండి నడపడం, తెల్లవారి గది శుభ్రం చేయడం అన్నీ వారి పనే.

ఈ ఆసుపత్రుల లెక్కలను వ్యాపారం చదివినవారు చూస్తే ఆశ్చర్యపోతారు. రాత్రి పిలుపు మీద పదిహేను, ఇరవై కిలోమీటర్లు వెళ్లి రావాలంటే పెట్రోలు, మందులు, సహాయకుని కూలి, మరునాటి పగలు పనికిరాని శరీరం, ఇవన్నీ ఖర్చే. అంత ఖర్చును రైతు నుంచి రాబట్టడం సాధ్యం కాదు. ప్రభుత్వ వైద్యం ఉచితం, ఊళ్లోని సూదుల మనిషి వంద రూపాయలకే వస్తాడు. ఈ రెంటి నడుమ పట్టభద్రుడైన వైద్యుడు తన ఫీజు ఎంతని చెప్పగలడు? చెప్పినా, 'పాల డబ్బు రాగానే ఇస్తానండీ' అన్న మాటను కాదనలేడు. చివరకు ఆసుపత్రి నిలబడేది రెండింటి మీద. ఒకటి, ఇంటివారి శ్రమకు జీతం లెక్క కట్టకపోవడం. రెండోది పట్టణంలోని కుక్కలు, పిల్లుల టీకాలు, చికిత్సల ద్వారా వచ్చే నగదు. మరో విధంగా చెప్పాలంటే వీరులపాడు మండలంలోని గేదె రాత్రి వైద్యానికి అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని నందిగామలోని పెంపుడు కుక్క యజమాని, తనకు తెలియకుండానే, భరిస్తున్నాడు.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. కుక్క బల్ల దగ్గరకు వస్తుంది. గేదె దగ్గరకు వైద్యుడు వెళ్లాలి. కుక్క యజమాని అక్కడికక్కడే డబ్బు ఇస్తాడు. గేదె యజమాని పద్దు రాయిస్తాడు. తండ్రి తరం ఈ తేడాను పట్టించుకోలేదు. చదువుకు బ్యాంకు అప్పు తెచ్చుకున్న కొడుకు, కూతురు తరం పట్టించుకోక తప్పదు. వారు విజయవాడలో చిన్న జంతువుల ఆసుపత్రి పెట్టుకుంటే తప్పుపట్టలేం. అయితే ఆ నిర్ణయం జరిగిన రోజున ఒక పట్టణమే కాదు, దాని చుట్టూ ఉన్న పాతిక ముప్పై గ్రామాలు రాత్రి వైద్యాన్ని కోల్పోతాయి.

ఒక మెలిక, ఎన్నో చేతులు

సహాయకుల విలువ ఏమిటో తెలియాలంటే గర్భసంచి మెలికపడిన గేదెను చూడాలి. గేదెల్లో ఈత కష్టానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. ఆవుల కన్నా గేదెల్లో ఎక్కువ. నెలలు నిండిన గర్భసంచి తన చుట్టూ తాను తిరిగిపోయి దారి మూసుకుపోతుంది. గేదె లేస్తుంది, పడుకుంటుంది, కడుపు తన్నుకుంటుంది. దూడ మాత్రం రాదు. వైద్యుడు చేయిపెట్టి చూసి మెలిక కుడివైపా, ఎడమవైపా అన్నది తేల్చాలి. ఆ తర్వాత గేదెను మెలిక ఉన్న వైపుకే పడుకోబెట్టి, ముందుకాళ్లు ఒక మోకుతో, వెనుకకాళ్లు మరో మోకుతో కట్టాలి. డొక్క మీద పొడవాటి చెక్క ఆనించి, దాని మీద ఒక మనిషి నిలబడి దూడను కదలనివ్వకుండా అదిమిపట్టాలి. మిగిలినవారు పశువును మెలిక తిరిగిన దిశలోనే దొర్లించాలి. లోపల సంచి నిలకడగా ఉండి, బయట పశువు శరీరం తిరగడంతో మెలిక విడుతుంది. వైద్యుడు మళ్లీ చేయిపెట్టి చూస్తాడు. విడకపోతే మరోసారి దొర్లించాలి. అప్పటికీ కాకపోతే కడుపు కోసి దూడను తీయడమే.

దీనికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర లేదు. కావలసిందల్లా చెక్క, మోకులు, తెలిసిన మనుషులు. చెక్క మీద ఎంత బరువు ఆనించాలి, ఏ క్షణాన దిగాలి, మోకును ఎవరు ఎప్పుడు లాగాలి అన్నది పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు. పాతికసార్లు చేసిన సహాయకుడు వెంట ఉంటే వైద్యుని పని సగం అయినట్టే. లేకపోతే చుట్టుపక్కల ఇళ్ల నుంచి నిద్రమత్తులో వచ్చిన యువకులు ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతారు. మెలిక విడటం ఆలస్యమైన కొద్దీ సంచికి రక్తప్రసారం తగ్గి దూడ చనిపోతుంది. మరింత ఆలస్యమైతే తల్లి కూడా దక్కదు.

పాలజ్వరం విషయం కూడా ఇటువంటిదే. ఈనిన రెండు మూడు రోజుల్లోపు రక్తంలో కాల్షియం పడిపోయి, గేదె మెడ డొక్క మీదికి వాల్చి చల్లబడిపోతుంది. సిరలోకి కాల్షియం ఎక్కిస్తే చూస్తుండగానే లేచి నిలబడుతుంది. పశువైద్యంలో ఇంతటి అద్భుతం మరొకటి లేదని రైతులు అంటారు. అయితే అదే కాల్షియాన్ని తొందరపడి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగి అక్కడికక్కడే చనిపోవచ్చు. వైద్యుడు గుండె చప్పుడు వింటూ ఉండగా సీసాను ఎంత ఎత్తున పట్టుకోవాలో తెలిసిన సహాయకుడు కావాలి. 'ఇదిగో సూది వేశాడు, అదిగో గేదె పడిపోయింది' అని ఊళ్లలో వినిపించే కథల్లో కొన్ని ఈ వేగం తెచ్చిన చావులే.

పట్టాకు ఉన్న చోటు పనికి లేదు

చట్టం ఈ చేతులను ఎలా చూస్తోంది? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం మండలిలో నమోదైన పట్టభద్రులే పశువైద్య వృత్తి చేపట్టాలి. ధ్రువపత్రాల మీద సంతకం చేసే అధికారం కూడా వారిదే. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు నమోదిత వైద్యుని పర్యవేక్షణలో 'చిన్నపాటి సేవలు' చేసేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతించవచ్చునని అదే చట్టంలో ఉంది. టీకాలు, వృషణాలు నొక్కడం, గాయాలకు కట్టు వంటివి ఆ సేవల కిందికి వస్తాయి.

ఈ నిబంధనలో తప్పు లేదు. అర్హత లేనివారి చేతుల్లో పశువులు పడకూడదన్నది న్యాయమే. చిక్కు ఎక్కడంటే, ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న కాంపౌండరుకు చాలాచోట్ల డిప్లొమా లేదు. వైద్యుడు పక్కన ఉన్నంతసేపు అతడు ఆయన చేయి. వైద్యుడు పక్కకు వెళ్లిన మరుక్షణం చట్టం దృష్టిలో అతడు ఎవరూ కాడు. ఒకే రాత్రి రెండు గ్రామాల నుంచి పిలుపు వస్తే వైద్యుడు ఒకచోటికి వెళ్లి, రెండో చోటి రైతును తెల్లవారే వరకు ఆగమనాలి. ఆగలేని రైతు నేరుగా కాంపౌండరునే బతిమాలుకుంటాడు. గేదె బతికితే కాంపౌండరు ఆ ఊరికి 'డాక్టరుగారు' అవుతాడు. కొంతకాలానికి సంచి భుజాన వేసుకుని సొంతంగా తిరగడం మొదలుపెడతాడు. అర్హత లేని వైద్యం పుట్టుకొచ్చే దారుల్లో ఇది బాగా నలిగిన దారి. దీనికి కాంపౌండరును నిందించి ప్రయోజనం లేదు. నేర్చిన పనికి గుర్తింపు ఇచ్చే మెట్టు ఒక్కటి కూడా లేకపోవడమే కారణం.

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. అయితే ఆ డిప్లొమా పూర్తిచేసినవారి చూపు సహజంగానే ప్రభుత్వ కొలువు మీద ఉంటుంది. 2019లో గ్రామ సచివాలయాల ఏర్పాటుతో పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలు పెద్దసంఖ్యలో వచ్చాయి. 2023 నవంబరులో మరో 1,896 పోస్టులకు ప్రకటన వెలువడింది. నెల జీతం, సెలవులు ఉన్న కొలువును కాదని రాత్రి పిలుపులకు పరుగెత్తే ప్రైవేటు ఆసుపత్రిలో ఎవరు ఉంటారు? ఫలితంగా శిక్షణ పొందినవారు ప్రైవేటుకు రారు, ప్రైవేటులో పని నేర్చినవారికి శిక్షణ దొరకదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 ప్రాంతంలో మొదలైన గోపాలమిత్రల అనుభవం ఈ విషయంలో గుర్తు చేసుకోదగినది. గ్రామీణ యువకులకు కొద్ది నెలల శిక్షణ ఇచ్చి ఇంటి ముంగిటకే కృత్రిమ గర్భధారణను చేర్చిన పథకం అది. తక్కువ చదువు ఉన్నవారికి కూడా ఒక పనిని హద్దులతో, పద్ధతిగా నేర్పవచ్చునని అప్పుడే రుజువైంది. ఆ తర్వాత వారి ఉపాధి భద్రత మాట ఎలా నలిగిందన్నది వేరే కథ.

వాహనాలు వచ్చినా తీరని లోటు

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం అవుతుంది. 2020 మే 30న రాష్ట్రంలో 10 వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు ఒకేసారి మొదలయ్యాయి. ప్రభుత్వం మారిన తర్వాత వాటి పేరు రైతు సేవా కేంద్రాలైంది. సంచార పశు ఆరోగ్య సేవ పేరిట 2022 మే 19న తొలివిడతగా 175, 2023 జనవరిలో మలివిడతగా 165 అంబులెన్సులు రోడ్డెక్కాయి. మొత్తం 340. నియోజకవర్గానికి రెండు చొప్పున లెక్క. ఒక్కో వాహనంలో ఒక వైద్యుడు, ఒక సహాయకుడు, డ్రైవరు ఉంటారు. పడిపోయిన పశువును పైకెత్తే హైడ్రాలిక్ యంత్రం, పేడ, రక్తం పరీక్షించే చిన్న ప్రయోగశాల కూడా అందులో ఉన్నాయి. పొరుగున ఉన్న తెలంగాణ 2017లోనే ఇటువంటి వాహనాలను 1962 నంబరుతో ప్రారంభించింది. పశువును ఆసుపత్రికి తేలేని రైతుకు ఇది మేలైన ఏర్పాటే.

అయితే లెక్క వేసి చూడాలి. నందిగామ నియోజకవర్గంలో నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు అనే నాలుగు మండలాలు ఉన్నాయి. ఆ లెక్కన రెండు మండలాలకు ఒక వాహనం. ఒక గేదె దగ్గర మెలిక విప్పడానికి రెండు గంటలు పడితే ఆ రెండు గంటలూ మరో చోటికి కదలడానికి లేదు. ఒక వాహనానికి ఒకే వైద్యుడు కేటాయించినప్పుడు ఆ ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండలేడు. పైగా ఈ ప్రాంతానికి వాగుల బెడద ఒకటి ఉంది. కట్టలేరు, వైరా ఏరు, మున్నేరు పొంగితే ఊళ్ల మధ్య రాకపోకలు నిలిచిపోతాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోత వానలకు బుడమేరుతోపాటు మున్నేరు కూడా ఉగ్రరూపం దాల్చి ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది. అటువంటప్పుడు జిల్లా కేంద్రంలో ఎంత మంచి ఆసుపత్రి ఉన్నా ఏటికి ఇవతల ఉన్న పశువుకు ఇవతల ఉన్న వైద్యుడే కావాలి.

కేరళ ఈ సమస్యను మరో వైపు నుంచి చూసింది. అక్కడి పశుసంవర్ధక శాఖ బ్లాకు స్థాయిలో రాత్రికాల అత్యవసర పశువైద్య సేవను నడుపుతోంది. సాయంత్రం నుంచి ఉదయం వరకు అందుబాటులో ఉండేందుకు పశువైద్యులను కాంట్రాక్టు పద్ధతిన తీసుకుంటారు. అంటే రాత్రి అన్నది వైద్యుని దయ మీద కాక, డబ్బు చెల్లించే విధిగా మారింది. మన దగ్గర ఆ విధిని కుటుంబ ఆసుపత్రులు ఏ ప్రతిఫలం లేకుండానే మోస్తున్నాయి.

చేతికి తొడుగు లేని సేవ

ఈ వృత్తిలో ఉన్నవారి ప్రాణాలకు ఉన్న ముప్పు గురించి రైతులకు కూడా అంతగా తెలియదు. ఈసుకుపోయిన గేదె మాయ పడకపోతే చేత్తో తీయవలసి వస్తుంది. ఆ పశువుకు బ్రూసెల్లోసిస్ ఉంటే ఆ క్రిమి చేతి మీది చిన్న గీత నుంచి కూడా మనిషిలోకి ప్రవేశిస్తుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రివేళ చెమటలు, కీళ్ల నొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. టైఫాయిడ్ అనో, మలేరియా అనో వైద్యం చేయించుకుని తిరిగేవారు ఉంటారు. ఈ వ్యాధి నివారణకు 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యలకు జీవితంలో ఒకసారి టీకా వేస్తారు. కేంద్రం 2019లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమంలో గాలికుంటుతోపాటు ఇదీ ఉంది. అయితే ఇది బతికి ఉన్న క్రిమితో చేసిన టీకా. పెయ్య గింజుకున్నప్పుడు సూది టీకా వేసేవారి వేలికి గుచ్చుకుంటే వారికే జబ్బు రావచ్చు.

రేబిస్ అంతకన్నా దారుణం. పిచ్చికుక్క కరిచిన సంగతి రైతుకు తెలియకపోవచ్చు. గేదె మేత మానేసి, చొంగ కారుస్తూ, వింతగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందనుకుంటారు. సహాయకుడు నోట్లో చేయిపెట్టి వెదుకుతాడు. రెండు మూడు రోజుల్లో గేదె చనిపోయాక గానీ అనుమానం రాదు. పశువైద్య విద్యార్థులకు ముందస్తు రేబిస్ టీకా అవసరం గురించి తరగతిలో చెబుతారు. నెలకు కొన్ని వేల రూపాయలకు పనిచేసే కాంపౌండరుకు ఎవరు చెబుతారు? పశువుల ఆసుపత్రుల వ్యర్థాలు సైతం 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల కిందికే వస్తాయి. వాడిన సూదుల డబ్బా, రక్తపు దూది, పడిన మాయ, ఇవన్నీ పద్ధతి ప్రకారం పోవాలి. చిన్న ఆసుపత్రికి అది కూడా ఖర్చే. కానీ తప్పించుకోకూడని ఖర్చు. ఇంటి ముందే ఆసుపత్రి ఉన్నప్పుడు ఆ డబ్బా పక్కనే పిల్లలు ఆడుకుంటారన్నది మరువరాదు.

మందుల విషయంలోనూ కుటుంబ ఆసుపత్రులు తమ ఇల్లు చక్కబెట్టుకోవలసి ఉంది. రాబందులను దాదాపు తుడిచిపెట్టిన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని 2006లోనే నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని గ్రహించి 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2019లో కొలిస్టిన్‌ను పశుపోషణలో నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌ల వంతు వచ్చింది. ఈ మార్పులన్నీ మందుల అల్మరా దగ్గర కూర్చున్న ఇంటివారికి, కాంపౌండరుకు చేరితేనే ప్రయోజనం. జ్వరం అనగానే ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించి, పాలు ఎన్ని రోజులు పారబోయాలో రైతుకు చెప్పకుండా పంపడం పట్టా ఉన్నవారు చేసినా తప్పే.

బ్రిటన్‌లో మరో తీరు

కుటుంబ పశువైద్యశాలలు కనుమరుగు కావడం మన మెట్టకే పరిమితం కాదు. 'జేమ్స్ హెరియట్' కలం పేరుతో ప్రపంచానికి తెలిసిన పశువైద్యుడు ఆల్ఫ్రెడ్ వైట్ 1940లో ఇంగ్లండ్‌లోని థర్స్క్ పట్టణంలో చేరింది ఇటువంటి ఇంటి ఆసుపత్రిలోనే. ఆ దేశంలో 1999లో పశువైద్యులు కానివారు సైతం ఆసుపత్రులకు యజమానులు కావచ్చునని నిబంధన మార్చారు. 2013లో సుమారు 10 శాతం ఆసుపత్రులు పెద్ద కంపెనీల చేతిలో ఉండగా పదేళ్లు తిరిగేసరికి అది సుమారు 60 శాతానికి చేరింది. ధరల మీద ఫిర్యాదులు పెరగడంతో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో సమీక్ష చేపట్టి, 2024లో పూర్తిస్థాయి విచారణకు దిగింది.

అక్కడ కుటుంబ ఆసుపత్రులను కంపెనీలు కొన్నాయి. ఇక్కడ కొనడానికి ఎవరూ రారు. తండ్రి చేయి వణకడం మొదలైన రోజున బోర్డు దిగిపోతుంది, అంతే. అక్కడి సమస్య లాభం ఎక్కువ కావడం, ఇక్కడిది లాభమే లేకపోవడం.

చేయదగిన పనులు

1998లో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల గన్నవరంలో ఏర్పాటైన తర్వాత ఈ జిల్లా పిల్లలు పశువైద్యం చదవడానికి తిరుపతికో, హైదరాబాదుకో పోవలసిన అవసరం తప్పింది. అమ్మాయిలు కూడా పెద్దసంఖ్యలో చేరుతున్నారు. వీరిలో కొందరైనా మెట్టలో ఆసుపత్రి పెట్టాలంటే ఉపన్యాసాలు చాలవు. కేరళ తరహాలో రాత్రి సేవకు పారితోషికం నిర్ణయించి, దానిని స్థానిక ప్రైవేటు వైద్యులకు కూడా వర్తింపజేయవచ్చు. వాహనం కొనడం కన్నా ఉన్న ఇంటికి ఫోను కట్టడం చౌక. ఒక పశువు మెలిక విప్పినందుకు, కడుపు కోసినందుకు ఇంత అని నిర్ణీత మొత్తం పాల సంఘం ద్వారానో, బీమా ద్వారానో చెల్లిస్తే రైతు అప్పు రాయించనక్కర లేదు, వైద్యుడు అడగడానికి మొహమాటపడనక్కర లేదు. పాల సేకరణ మీద బతికే డెయిరీలకు ఇందులో నేరుగా లాభం ఉంది. గేదె చనిపోతే ఆ ఇంటి పాలు వారికీ రావు.

సహాయకుల సంగతి అంతకన్నా ముందు తేల్చాలి. పదేళ్లు, పదిహేనేళ్లు నమోదిత వైద్యుని దగ్గర పనిచేసినవారికి గన్నవరం కళాశాలలోనో, పాలిటెక్నిక్‌లోనో కొద్ది నెలల శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రం ఇచ్చే మార్గం ఉండాలి. ఏ పని చేయవచ్చో, ఏది చేయరాదో ఆ పత్రం మీదే ఉండాలి. చట్టంలోని 'చిన్నపాటి సేవల' నిబంధన ఇందుకు దారి ఇస్తూనే ఉంది. రేబిస్ ముందస్తు టీకా, బ్రూసెల్లోసిస్ రక్తపరీక్ష ప్రభుత్వ సిబ్బందితో సమానంగా వీరికీ ఉచితంగా చేయిస్తే ఖజానా మీద పడే భారం స్వల్పం. దీనివల్ల దొంగ వైద్యం పెరుగుతుందని కొందరు పశువైద్యులు అభ్యంతరం చెప్పవచ్చు. నిజానికి ఇప్పుడు అడ్డూ అదుపూ లేకుండా సాగుతున్నదాన్ని హద్దుల్లోకి తెచ్చే పని ఇది.

ఇవన్నీ జరిగేందుకు సమయం పడుతుంది. ఈలోగా రైతు చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫాల్ అనే పశుపోషకుడు చూడి ఆవులకు నెలలు నిండే రోజుల్లో ప్రధాన మేతను పొద్దుపోయాక పెడితే ఎక్కువ ఆవులు పగటివేళ ఈనుతున్నాయని గమనించాడు. తర్వాత జరిగిన పరిశీలనలూ దాన్ని సమర్థించాయి. ఖర్చు లేని పని కనుక ప్రయత్నించి చూడవచ్చు. సూది వేయించిన తేదీ గోడ మీద రాసి ఉంచుకుంటే నెలలు నిండే రోజు ముందే తెలుస్తుంది. ఉమ్మనీటి సంచి ఎన్ని గంటలకు పగిలిందో గుర్తుంచుకుని వైద్యునికి ఫోనులో చెప్పాలి. దూడ కాలు కనిపించింది కదా అని నలుగురూ కలిసి లాగకూడదు. ముందు రెండు కాళ్లు, వాటి మీద మూతి వస్తున్నదో లేదో చూడాలి. పాకలో దీపం, పొడవాటి చెక్క, రెండు మోకులు, సబ్బు, వేడినీళ్లు, నలుగురు మనుషులు సిద్ధంగా ఉంటే వైద్యుడు వచ్చాక వెదుకులాటలో పోయే సమయం పశువుకు దక్కుతుంది.